నాన్న వదిలిన కోర్టుకే ఓటు అడిగిన జడ్జి

1913 నవంబరు. న్యూయార్క్ నగరంలో ఎన్నికలు. మేయర్ పదవికి పోటీ హోరాహోరీగా ఉంది. అదే బ్యాలట్‌లో, మేయర్ అభ్యర్థుల పేర్ల తర్వాత ఎక్కడో, జడ్జి పోస్టుకు నిలబడ్డ నలభై మూడేళ్ల లాయరు పేరు కూడా ఉంది. బెంజమిన్ నేథన్ కార్డోజో. మామూలు ఓటరుకు ఆయనెవరో తెలీదు. కోర్టుల చుట్టూ తిరిగిన పాత తరానికి మాత్రం ఆ ఇంటిపేరు బాగా గుర్తుంది. 41 ఏళ్ల క్రితం ఇదే కోర్టులో ఒక కార్డోజో జడ్జిగా ఉండేవారు. అవినీతి ఆరోపణల్లో ఇరుక్కుని, పదవిలోంచి తీసేసేలోపే తానే రాజీనామా ఇచ్చి బయటపడ్డారు. ఆయన ఈయన తండ్రి.

ఇప్పుడు మిమ్మల్ని మీరు ఆ చోట ఊహించుకోండి. మీ నాన్న పేరు చెడిపోయిన ఆఫీసులోనే మీరు ఉద్యోగానికి అప్లై చేశారు. ఇంటర్వ్యూ బోర్డు ముగ్గురో నలుగురో కాదు, నగరంలోని లక్షల మంది. రెజ్యూమెలో అన్నిటికంటే పైన ఉండేది ఆ ఇంటిపేరే. మీరు అప్లై చేస్తారా?

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. జడ్జిని ఓట్లేసి ఎన్నుకోవడం ఏంటని మీకు అనుమానం రావచ్చు. మన దగ్గర అది లేదు. జూనియర్ సివిల్ జడ్జి కావాలంటే హైకోర్టు పెట్టే పరీక్ష, ఇంటర్వ్యూ దాటాలి. హైకోర్టు జడ్జి కావాలంటే కొలీజియం సిఫారసు, ఆ తర్వాత రాష్ట్రపతి నియామకం. ఓటరుకు అందులో పాత్ర లేదు. అమెరికాలో ఫెడరల్ జడ్జీలను అధ్యక్షుడు నామినేట్ చేస్తే సెనేట్ ఆమోదిస్తుంది కానీ, చాలా రాష్ట్రాల్లో రాష్ట్ర కోర్టుల జడ్జీలు ఎమ్మెల్యేల్లాగే ఎన్నికల్లో నిలబడాలి. న్యూయార్క్ 1846 రాజ్యాంగంలోనే ఈ పద్ధతి తెచ్చుకుంది. ఇంకో తికమక ఏంటంటే, న్యూయార్క్‌లో సుప్రీం కోర్టు అంటే పైకోర్టు కాదు, కేసులు మొదట విచారించే కోర్టు. రాష్ట్రంలో అన్నిటికంటే పెద్ద కోర్టు పేరు కోర్ట్ ఆఫ్ అప్పీల్స్. కార్డోజో 1913లో పోటీ చేసింది ఆ కింది సుప్రీం కోర్టుకు. పదవీకాలం 14 ఏళ్లు.

తండ్రి కథ

ఆల్బర్ట్ కార్డోజో తెలివితక్కువవాడేమీ కాదు. చట్టం బాగా తెలిసినవాడని శత్రువులు కూడా ఒప్పుకునేవారు. ఆయనకు పదవి వచ్చింది మాత్రం టామనీ హాల్ దయవల్ల. టామనీ హాల్ అంటే న్యూయార్క్ నగరంలో డెమొక్రటిక్ పార్టీని నడిపిన యంత్రాంగం. ఉద్యోగాలు, కాంట్రాక్టులు, ఓట్లు అన్నీ దాని చేతిలోనే. 1860ల చివర్లో దాని నాయకుడు విలియం ట్వీడ్. ఖజానాను నిలువునా దోచి, చివరికి జైల్లోనే చనిపోయినవాడు. ఆయన హయాంలో కొందరు జడ్జీల దగ్గర ఎవరికి ఏ ఆర్డర్ కావాలన్నా దొరుకుతుందనే పేరు పడిపోయింది. రైల్వే కంపెనీల వాటాల కోసం కోటీశ్వరులు కొట్టుకుంటుంటే, ఒక వర్గానికి ఒక జడ్జి ఇంజంక్షన్ ఇచ్చేవాడు, ఇంకో వర్గానికి ఇంకో జడ్జి. ఆ పేర్లలో ఆల్బర్ట్ కార్డోజో పేరు కూడా ఉంది. డబ్బొచ్చే కోర్టు పనులన్నీ బంధువులకు, పార్టీ మనుషులకు అప్పగించారన్నది ఆయనపై మరో ఆరోపణ.

ఇలాంటివి చూడలేకే నగరంలోని లాయర్లు 1870లో బార్ అసోసియేషన్ పెట్టుకున్నారు. 1872లో రాష్ట్ర శాసనసభ విచారణ జరిపింది. ముగ్గురు జడ్జీలు చిక్కారు. ఇద్దర్ని పదవిలోంచి తొలగించారు. మూడో జడ్జి ఆల్బర్ట్ అభిశంసనకు ముందే రాజీనామా చేశారు. అప్పటికి బెంజమిన్‌కు ఇంకా రెండేళ్లు నిండలేదు.

బెంజమిన్ పుట్టింది 1870 మే 24న, కవలల్లో ఒకరిగా. కవల చెల్లెలు ఎమిలీ. వాళ్లది స్పెయిన్, పోర్చుగల్ మూలాలున్న యూదుల పాత కుటుంబం, అమెరికా స్వాతంత్య్రానికి ముందే అక్కడికి చేరినది. సమాజంలో పరువు ఉన్న ఇల్లు. అలాంటి ఇంటిమీద ఈ మచ్చ. తొమ్మిదేళ్ల వయసులో తల్లి పోయింది. అక్క నెల్లీ, ఆయనకంటే పదేళ్లకు పైగా పెద్దది, తల్లిలా పెంచింది. ఇద్దరూ పెళ్లి చేసుకోలేదు. జీవితాంతం ఒకే ఇంట్లో ఉన్నారు.

చిన్న విచిత్రం. ఇంట్లో చదువు చెప్పిన ట్యూటర్ హొరేషియో ఆల్జర్. పేద కుర్రాడు కష్టపడి పైకొచ్చే కథలు డజన్ల కొద్దీ రాసి అమెరికా అంతా పేరు తెచ్చుకున్న రచయిత. ఇప్పటి మోటివేషన్ వీడియోలకు ముత్తాత అనొచ్చు. ఆయన శిష్యుడి జీవితం మాత్రం ఆ కథల్లా అస్సలు ఉండదు. మురికివాడలోంచి కోటకు కాదు, చెడ్డపేరులోంచి మంచిపేరుకు. అది నిచ్చెన ఎక్కినట్టు మెట్టు మెట్టుగా జరిగే పని కాదు.

డిగ్రీ లేని లాయరు

పదిహేనేళ్లకే కొలంబియా కాలేజీలో చేరారు. తండ్రి కూడా అదే ఏడాది, 1885లో పోయారు. 1889లో డిగ్రీ, తర్వాత ఎం.ఏ. కొలంబియా లా స్కూల్‌లో చేరినప్పుడు కోర్సు రెండేళ్లు. మధ్యలో దాన్ని మూడేళ్లు చేశారు. కార్డోజో రెండేళ్లు చదివి, మూడో ఏడు ఉండకుండా 1891లో బార్ పరీక్ష పాసై ప్రాక్టీసులోకి వెళ్లిపోయారు. అంటే అమెరికా న్యాయచరిత్రలో అత్యంత గొప్ప జడ్జీల్లో ఒకరిగా చెప్పే మనిషికి లా డిగ్రీ లేదు. దీన్ని చూసి కాలేజీ మానేద్దామనుకోకండి. అప్పట్లో బార్‌లో చేరడానికి డిగ్రీ తప్పనిసరి కాదు, మనకు తప్పనిసరి.

చేరింది తండ్రి నడిపిన ఆఫీసులోనే, అన్నతో కలిసి. 22 ఏళ్లకు పైగా ప్రాక్టీసు. కోర్టులో టేబుల్ గుద్ది వాదించే రకం కాదు. నెమ్మదస్తుడు, సిగ్గరి, పుస్తకాల పురుగు. ఆయన దగ్గరికి వచ్చేది ఎక్కువగా మామూలు క్లయింట్లు కాదు, మిగతా లాయర్లే. కేసు అప్పీలుకు వెళ్లి చిక్కుముడి పడితే దాన్ని విప్పి రాతపూర్వక వాదన తయారుచేయడానికి ఆయన దగ్గరికి పంపేవారు. మన భాషలో చెప్పాలంటే, ప్రొడక్షన్‌లో ఎవరికీ అంతుచిక్కని బగ్ వస్తే టీమంతా వెళ్లి నిలబడే ఆ ఒక్క డెస్కు ఉంటుంది చూడండి, అది కార్డోజోది. 1903లో ఒక పుస్తకం రాశారు. గొప్ప సిద్ధాంతం కాదు. కోర్ట్ ఆఫ్ అప్పీల్స్ ఏయే కేసులు వినొచ్చు, ఏవి వినకూడదు అని లాయర్లకు చెప్పే పక్కా మాన్యువల్. జనం చదివే పుస్తకం కానే కాదు. కానీ ఆ కోర్టు జడ్జీలకు, పెద్ద లాయర్లకు ఆయన ఎంత శ్రద్ధగల మనిషో దానితో తెలిసింది.

1913లో టామనీకి వ్యతిరేకంగా రిపబ్లికన్లు, ప్రోగ్రెసివ్‌లు, స్వతంత్రులు, టామనీ అంటే గిట్టని డెమొక్రాట్లు ఒక్కటై ఫ్యూజన్ పేరుతో ఉమ్మడి జాబితా దింపారు. అందులో జడ్జి పోస్టుకు కార్డోజో. ఆయనా డెమొక్రాటే, కాకపోతే టామనీ మనిషి కాదు. తండ్రిని పైకి తెచ్చి ముంచిన యంత్రానికి ఎదురుగా కొడుకు నిలబడ్డాడన్నమాట. ఆ ఏడాది టామనీకి కాలం కూడా కలిసిరాలేదు. తమ మాట వినని గవర్నర్ సల్జర్‌ను అక్టోబరులో అభిశంసించి దింపేశారు, జనానికి అది నచ్చలేదు. ఫ్యూజన్ అభ్యర్థి జాన్ మిచెల్ మేయర్‌గా గెలిచారు. కార్డోజో కూడా గెలిచారు, కానీ చాలా తక్కువ తేడాతో. బ్రాంక్స్‌లోని ఇటాలియన్ ఓటర్లు తన పేరు చూసి మనవాడే అనుకుని ఓటేసి ఉంటారని ఆయనే నవ్వుతూ చెప్పేవారట.

నవ్వులాట పక్కనపెడితే, ఇందులో గట్టి ప్రశ్న ఒకటుంది. ఓటరు ఏం చూసి జడ్జికి ఓటేయాలి? ఎమ్మెల్యే అభ్యర్థి రోడ్డు వేస్తానని మాటివ్వొచ్చు. జడ్జి అభ్యర్థి ఫలానా కేసులో ఫలానా వాళ్లను గెలిపిస్తానని మాటిస్తే అది నేరం లాంటిదే. మరి ఏ మాటా చెప్పకపోతే ఓటరు గుడ్డిగా ఓటేయాలి, పేరు చూసో, పార్టీ చూసో. అమెరికాలో ఈ గొడవ ఇప్పటికీ తేలలేదు. జడ్జి అభ్యర్థులు వివాదాస్పద చట్ట విషయాల్లో తమ అభిప్రాయాలు చెప్పకూడదని కొన్ని రాష్ట్రాలు నిబంధన పెడితే, 2002లో మిన్నెసోటా కేసులో అమెరికా సుప్రీంకోర్టు 5-4తో దాన్ని కొట్టేసింది. 2025లో విస్కాన్సిన్ రాష్ట్ర సుప్రీంకోర్టులో ఒక్క సీటుకు జరిగిన ఎన్నికలో ఖర్చు దాదాపు 10 కోట్ల డాలర్లకు చేరింది. అభ్యర్థి న్యాయదృష్టి ఏంటన్నది ఇప్పుడు టీవీ యాడ్‌లో ముప్పై సెకన్ల మాట. కార్డోజో దానికి జవాబు చెప్పారు, కానీ ఓట్లు పడ్డ ఏడేళ్లు దాటాక. ఆ మాటకు ముందు ఆయన చేసిన పని చూడాలి.

చక్రం విరిగిన కారు

1914 జనవరిలో కింది కోర్టులో కూర్చున్నారు. నెల తిరిగేసరికి, పేరుకుపోయిన కేసులు తగ్గించడానికి గవర్నర్ ఆయన్ను ఆల్బనీలోని కోర్ట్ ఆఫ్ అప్పీల్స్‌కు పంపారు. ఆ కోర్టు జడ్జీలే ఆయన్ను కోరుకున్నారు. మాన్యువల్ రాసిన కోర్టులోనే సీటు. అక్కడ 18 ఏళ్లు ఉన్నారు.

డొనాల్డ్ మెక్‌ఫెర్సన్ అనే ఆయన రాళ్లు చెక్కి బతికేవారు. షెనెక్టడీలోని డీలరు దగ్గర బ్యూయిక్ కారు కొన్నారు. 1911లో జబ్బుపడ్డ మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్తుంటే చక్రం విరిగింది, కారు కూలింది, ఆయనకు దెబ్బలు తగిలాయి. అప్పట్లో చక్రాలకు చెక్క ఆకులు ఉండేవి, మన ఎడ్లబండి చక్రానికి ఉన్నట్టు. ఈ చక్రంలో వాడిన చెక్క నాసిరకం. చక్రం చేసింది బ్యూయిక్ కాదు, వేరే కంపెనీ. కారు అమ్మింది బ్యూయిక్ కాదు, డీలరు. మెక్‌ఫెర్సన్ దావా వేసింది బ్యూయిక్ మీద.

పాత న్యాయం ప్రకారం ఆయనకు రూపాయి రాదు. ఎందుకంటే బ్యూయిక్‌కు, ఆయనకు మధ్య ఒప్పందమే లేదు. బ్యూయిక్ అమ్మింది డీలరుకు, డీలరు అమ్మింది ఈయనకు. 1842లో ఇంగ్లండ్‌లో తపాలా బండి విరిగి గాయపడ్డ బండివాడి కేసు నుంచీ ఇదే రూలు. విషం లాంటి, తనంతట తానే ప్రమాదకరమైన సరుకులకే మినహాయింపు.

కార్డోజో ఆ రూలును ఒక్క దెబ్బతో పగలగొట్టలేదు. నాకు ఈ తీర్పులో నచ్చింది అదే. లైబ్రరీలోంచి పాత కేసులు ఒక్కొక్కటే బయటికి తీశారు. 1852లో మందు సీసాకు తప్పు లేబుల్ అంటించి విషం అమ్మిన కేసు. తర్వాత పెయింటర్ల కోసం కట్టిన పరంజా కూలిన కేసు. తర్వాత హోటల్లో కాఫీ కాచే పెద్ద పాత్ర పేలిన కేసు. పరంజా విషం కాదు, కాఫీ పాత్ర విషం కాదు. అయినా వాటిల్లో తయారుచేసినవాళ్లదే బాధ్యత అన్నారు. అంటే మినహాయింపు మెల్లగా పెరుగుతూ పెరుగుతూ తానే రూలు అయిపోయింది, ఎవరూ గమనించలేదంతే. నిర్లక్ష్యంగా చేస్తే ప్రాణం మీదికి తెచ్చే వస్తువైతే, అది కొన్నవాడి చేతుల్లోంచి వేరేవాళ్ల చేతుల్లోకి పోయి మళ్లీ పరీక్ష లేకుండా వాడతారని తయారీదారుకు తెలిస్తే, ఒప్పందం ఉన్నా లేకున్నా జాగ్రత్తపడే బాధ్యత అతనిదే. డీలరు కారు నడపడానికి కొనడు కదా, అమ్మడానికి కొంటాడు. కారులో కూర్చునే మనిషిని వదిలేసి, ఎప్పుడూ కూర్చోని మనిషికి మాత్రమే రక్షణ ఇచ్చే రూలు ఎవరికోసం? గుర్రపుబండ్ల కాలపు తీర్పులు కార్ల కాలానికి సరిపోవన్నది ఆయన వాదన.

1916 మార్చిలో వచ్చిన ఆ తీర్పును ఒక్క చీఫ్ జడ్జి విల్లర్డ్ బార్ట్‌లెట్ మాత్రమే వ్యతిరేకించారు. ఆయన వాదనా తీసిపారేయదగ్గది కాదు. రూలు మార్చాలంటే శాసనసభ ఉంది, మనమెవరం అన్న సందేహం ఎప్పుడూ న్యాయమైనదే. కానీ రూలు పుట్టించింది శాసనసభ కాదు, జడ్జీలే. వాళ్లు కట్టిన గోడను వాళ్లు సరిచేసుకోవచ్చన్నది రెండో పక్షం.

1932లో బ్రిటన్‌లో అల్లం బీరు సీసాలో నత్త వచ్చిన ప్రసిద్ధ కేసులో లార్డ్ అట్కిన్ ఈ బ్యూయిక్ తీర్పును ప్రస్తావించారు. లాసెట్ రాసి లా చదువుతున్న మీ స్నేహితుల్ని అడగండి, నత్త కేసు తెలియనివారు ఉండరు. అక్కణ్నుంచి ఆ ఆలోచన మన దేశానికీ చేరింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ప్రోడక్ట్ లయబిలిటీకి ఒక అధ్యాయమే ఉంది. మీరు ఫోన్ కొన్నది అమీర్‌పేటలో షాపువాడి దగ్గరే కావచ్చు. బ్యాటరీ ఏ దేశంలోనో ఏ సప్లయరో చేసి ఉండొచ్చు. అది పేలితే కంపెనీ, మాకూ మీకూ ఒప్పందం లేదు అని తప్పించుకోలేదు. గ్యాడ్జెట్ల గురించి రాసే నాకు ఈ లాజిక్ మొత్తం ఒక చెక్క చక్రం నుంచి కదిలిందని తెలిసినప్పుడు కొంచెం సిగ్గేసింది, ఇన్నాళ్లూ వారంటీ కార్డు ఒక్కటే చూస్తూ వచ్చినందుకు.

1921లో ఇంకో కేసు. హార్వీ హైన్స్ అనే పదహారేళ్ల కుర్రాడు హార్లెమ్ నదిలో దూకడానికి ఒక పలక మీద నిలబడ్డాడు. పలక ఒక చివర రైల్వే స్థలంలో, రెండో చివర నది మీద. పైనున్న రైల్వే కరెంటు తీగలు తెగిపడి చనిపోయాడు. కింది కోర్టులు తల్లి దావాను కొట్టేశాయి, కుర్రాడు అనుమతి లేకుండా రైల్వే ఆస్తి మీద ఉన్నాడని. అదే కుర్రాడు అరక్షణం తర్వాత నీళ్లలో ఉంటే హక్కు వచ్చేదట! కార్డోజో తల్లి పక్షాన తీర్పిచ్చారు. నది అందరిదీ, తీగ ఎవరిమీద పడినా పడేదే, పలక మీద నిలబడ్డ అంగుళాలు లెక్కపెట్టి ప్రాణానికి విలువ కట్టడం కుదరదన్నది సారాంశం.

జవాబు కాదు, అప్రోచ్ చెప్పండి

ఇప్పుడు యేల్ యూనివర్సిటీ సంగతి. అక్కడ స్టోర్స్ లెక్చర్లు ఇవ్వమని అడిగితే తన దగ్గర చెప్పేదేమీ లేదన్నారట కార్డోజో. పోనీ, మీరు కేసు ఎలా తేలుస్తారో అది చెప్పండి అన్నారట. దానికి ఒప్పుకున్నారు. 1921లో ఇచ్చిన ఆ ఉపన్యాసాలే అదే ఏడాది ద నేచర్ ఆఫ్ ద జుడీషియల్ ప్రాసెస్ పేరుతో పుస్తకమయ్యాయి. మీరు కోడింగ్ ఇంటర్వ్యూకి వెళ్లి ఉంటే ఇది వెంటనే అర్థమవుతుంది. అవతలివాళ్లు ఆన్సర్ వద్దు, ఎలా ఆలోచిస్తున్నావో బయటికి చెప్తూ చెయ్యి అంటారు. మనలో సగం మంది అక్కడే తడబడతాం. కార్డోజో ఒక సిట్టింగ్ జడ్జిగా ఉండి అదే పని చేశారు.

అప్పటిదాకా చాలామంది జడ్జీలు బయటికి చెప్పే మాట ఒక్కటే. చట్టం ముందే ఉంది, మేం దాన్ని వెతికి చదువుతాం, అంతే. కార్డోజో అది పూర్తి నిజం కాదన్నారు. జడ్జి నాలుగు దారుల్లో నడుస్తాడు. మొదటిది తర్కం: నిన్న ఒకరికి ఇచ్చిన న్యాయం ఇవాళ అలాంటి కేసులో ఇంకొకరికీ ఇవ్వాలి, లేకపోతే అది పక్షపాతం. రెండోది చరిత్ర: భూమి హక్కుల చట్టం లాంటివి పుట్టుక తెలిస్తేనే అర్థమవుతాయి. మూడోది ఆచారం: వ్యాపారులు నిజంగా ఎలా లావాదేవీ చేస్తున్నారన్నది. ఈ మూడూ దారి చూపనప్పుడు, లేదా తలోవైపు లాగినప్పుడు, నాలుగోది: సమాజ హితం. ఏ దారి ఎక్కడిదాకా నడవాలో ఎంచుకోవడమే అసలు కష్టం. ఆ ఎంపిక తప్పించుకోలేనిదని, దాన్ని దాచిపెట్టడం మంచిది కాదని ఆయన పట్టు.

అలాగని జడ్జికి ఇష్టారాజ్యం ఇవ్వలేదు. ఎక్కువ కేసుల్లో రూలు స్పష్టంగా ఉంటుంది, జవాబు ఒకటే. మిగిలిన కొద్ది కేసుల్లోనే, చట్టంలో ఖాళీ ఉన్నచోటే జడ్జి కొత్తది చేర్చగలడు. అక్కడ కూడా తనకు నచ్చిన మంచిని కాదు, సమాజం మంచి అని ఒప్పుకునేదాన్ని పట్టుకోవాలి. ఇంకో మాట కూడా చెప్పారు, నా లెక్కలో ఆ పుస్తకంలో అన్నిటికంటే ధైర్యమైనది అదే. జడ్జి లోపల తనకే తెలియని శక్తులు పనిచేస్తుంటాయి. పెరిగిన ఇల్లు, ఇష్టాయిష్టాలు, నమ్మకాలు. వాటిని పూర్తిగా వదిలించుకోవడం ఎవరివల్లా కాదు. జడ్జిగా మొదటి ఏళ్లలో ప్రతి ప్రశ్నకూ ఖచ్చితమైన జవాబు ఉంటుందని వెతికి, దొరక్క కుంగిపోయానని, తర్వాత అనిశ్చితితో రాజీపడ్డానని కూడా ఒప్పుకున్నారు.

దీన్ని ఆల్బర్ట్ కొడుకు చెప్పాడని గుర్తుపెట్టుకుని చదవండి. తండ్రి ఆర్డర్ల వెనుక అసలు కారణాలు ఏ కాగితం మీదా లేవు. కొడుకు కారణాలన్నీ తెచ్చి బల్లమీద పెట్టాడు, తనకు తెలియని కారణాలు కూడా ఉండొచ్చన్న హెచ్చరికతో సహా. తండ్రి మచ్చే దీనికి కారణమని నేను తేల్చి చెప్పను. కానీ నమ్మకద్రోహం కేసులు వస్తే ఆయన ఎక్కడా మెత్తబడలేదు. 1928లో ఇద్దరు వ్యాపార భాగస్వాముల తగాదా వచ్చింది. ఫిఫ్త్ ఎవెన్యూలో ఒక హోటల్ లీజు ఇరవై ఏళ్లు కలిసి నడిపారు. లీజు ముగిసేటప్పుడు ఒకాయన రెండో ఆయనకు చెప్పకుండా కొత్త, ఇంకా పెద్ద లీజు తన కంపెనీ పేరున రాయించుకున్నారు. మార్కెట్లో అపరిచితుల మధ్య ఇది చెల్లుతుందేమో కానీ, భాగస్వాముల మధ్య మామూలు నిజాయితీ సరిపోదని, దానికంటే ఎత్తైన కొలత ఉందని కార్డోజో రాశారు. ఆ బెంచిలో 4-3 తేడా. స్టార్టప్ పెట్టాలనుకునే ఇద్దరు స్నేహితులు సంతకం పెట్టేముందు ఈ మీన్‌హార్డ్-సాల్మన్ కేసు చదివితే మంచిది.

అదే ఏడాది ఇంకో 4-3 తీర్పు, నాకు మింగుడుపడనిది. హెలెన్ పాల్స్‌గ్రాఫ్ తన ఇద్దరు కూతుళ్లను బీచ్‌కు తీసుకెళ్తూ రైల్వే ప్లాట్‌ఫామ్ మీద నిలబడి ఉన్నారు. కదులుతున్న రైలెక్కుతున్న ఒకతన్ని గార్డులు తోసి ఎక్కించబోతే అతని చేతిలోని, న్యూస్‌పేపర్లో చుట్టిన పొట్లం పడింది. అందులో బాణసంచా. అది పేలి, ప్లాట్‌ఫామ్ అవతలి చివరి తూకం యంత్రం ఆమె మీద పడింది. జ్యూరీ 6,000 డాలర్లు ఇప్పించింది. కార్డోజో కొట్టేశారు. ఆ పొట్లంలో ప్రమాదం ఉందని గార్డులు ఊహించలేరు, దూరంగా ఉన్న ఆమె విషయంలో వాళ్లకు బాధ్యతే పుట్టలేదని. తర్కంగా చూస్తే అద్భుతమైన తీర్పు, అందుకే ప్రపంచమంతా లా కాలేజీల్లో చెబుతారు. కానీ ఆమె ఇళ్లు ఊడ్చి తుడిచే పనులు చేసి పిల్లల్ని సాకుతోందన్న మాట ఆ తీర్పులో కనబడదు. పైగా కోర్టు ఖర్చులు కూడా ఆమె మీదే వేశారు. పలక మీద నిలబడ్డ కుర్రాడి తల్లికి దొరికిన నాలుగో దారి ఈ తల్లికి ఎందుకు దొరకలేదు? భిన్నంగా తీర్పు రాసిన జడ్జి విలియం ఆండ్రూస్ వైపే నా ఓటు. మీరు రెండూ చదివి మీ ఓటు వేసుకోండి.

రెండు పార్టీల అభ్యర్థి

ఎన్నికలు ఆయన్ను వదల్లేదు. 1917లో కోర్ట్ ఆఫ్ అప్పీల్స్ పూర్తికాలపు సీటుకు, 1926లో చీఫ్ జడ్జి పదవికి ఓటర్ల ముందుకు వెళ్లారు. రెండుసార్లూ డెమొక్రాట్లు, రిపబ్లికన్లు ఇద్దరూ ఆయన్నే నిలబెట్టారు. 1913లో అంచుమీద గెలిచిన పేరుకు ఇప్పుడు పోటీయే లేదు. 1929లో అక్క నెల్లీ చనిపోయింది. చివరి ఏళ్లలో మంచాన పడ్డ ఆమెను చూసుకోవడానికి ఆయన బయట విందులు, ప్రయాణాలు దాదాపు మానుకున్నారు.

1932లో హోమ్స్ రిటైరవడంతో అమెరికా సుప్రీంకోర్టులో సీటు ఖాళీ అయింది. అప్పటికే ఆ కోర్టులో న్యూయార్క్ వాళ్లు ఇద్దరున్నారు, ఒక యూదుడు ఉన్నారు, ఇంకొకరెందుకన్న సణుగుడు వినిపించింది. రిపబ్లికన్ అధ్యక్షుడు హూవర్ చివరికి డెమొక్రాటైన కార్డోజోనే నామినేట్ చేశారు. సెనేట్ ఏకగ్రీవంగా ఆమోదించింది. ఆయనకు వాషింగ్టన్ పెద్దగా నచ్చలేదు, ఆల్బనీ స్నేహితుల మీదే మనసు. అక్కడ చేసిన పనుల్లో ఒకటి మాత్రం చెప్పాలి. 1937 మే 24న, అంటే ఆయన 67వ పుట్టినరోజున, సోషల్ సెక్యూరిటీ చట్టం రాజ్యాంగబద్ధమేనని ఆయన రాసిన రెండు తీర్పులు వెలువడ్డాయి. ముసలితనంలో పింఛను, ఉద్యోగం పోతే భృతి. నిరుద్యోగం ఒక మనిషి సోమరితనం కాదని, దేశమంతటినీ పట్టిన జబ్బు అని 1930ల మాంద్యం చూపించిందని అందులో ఆయన వాదన. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మీ అన్నయ్య పేస్లిప్ ఒకసారి చూడండి, సోషల్ సెక్యూరిటీ కోత కనబడుతుంది. ఆ కోతకు కోర్టు ముద్ర పడింది ఆ రోజే.

ఆ ఏడాది చివర్లో గుండెపోటు, కొత్త ఏడాదిలో పక్షవాతం. 1938 జులై 9న పోర్ట్ చెస్టర్‌లో, పాత సహ జడ్జి ఇర్వింగ్ లేమన్ ఇంట్లో చనిపోయారు. క్వీన్స్‌లోని బెత్ ఓలం శ్మశానంలో సమాధి చేశారు.

ఆయన చీఫ్ జడ్జిగా కూర్చున్న కోర్ట్ ఆఫ్ అప్పీల్స్‌కు న్యూయార్క్ 1977లో ఎన్నికలు రద్దు చేసుకుంది. ఒక కమిషన్ పేర్లు ఇస్తే వాటిలోంచి గవర్నర్ నియమిస్తారు. తండ్రి రాజీనామా చేసిన, కొడుకు 1913లో నిలబడి గెలిచిన ఆ కింది సుప్రీం కోర్టుకు మాత్రం 14 ఏళ్ల పదవికి ఇప్పటికీ ఓట్లే వేస్తున్నారు.